మా వీధికి సిమెంటు రోడ్డు వస్తోంది. సంతోషపడాలా, భయపడాలా?

మూడోమెట్టు
అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఒక కాలనీ. వీధి 20 అడుగులు, ఇళ్ళు 38. నాన్న 1998లో ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి గేటులోకి రావాలంటే మూడు మెట్లు ఎక్కాలి. ఆ మూడో మెట్టు మీద కూర్చునే నేను హోంవర్క్ చేసుకునేదాన్ని. తరవాత కంకర రోడ్డు వచ్చింది, దాని మీద తారు, ఆ తారు మీద ఇంకోసారి తారు. ఇప్పుడు మా గేటులోకి రావాలంటే ఒక మెట్టు దిగాలి. నిన్న గేటు పక్కన కొంచెం తవ్వి, టేపు పెట్టి చూశాను. పాత మొదటి మెట్టు అడుగు నుంచి ఇప్పటి రోడ్డు దాకా 58 సెంటీమీటర్లు.

ఇప్పుడు సిమెంటు రోడ్డు శాంక్షన్ అయిందట. మొన్న ఇద్దరు వచ్చి సుద్దతో గీతలు గీసి పోయారు. అడిగితే "ఉన్న రోడ్డు మీదే 15 సెంటీమీటర్లు పోస్తామమ్మా" అన్నారు. అంటే ఇంకో మెట్టు కిందికి. కార్తీకంలో గట్టిగా ఒక వాన కురిస్తే నీళ్ళు నేరుగా హాల్లోకే. రోడ్డు వద్దని అర్జీ పెడితే వీధిలోవాళ్ళు నన్ను బతకనివ్వరు. ఏం చేయమంటారు?

పప్పుచారు
ఇళ్ళను జాకీలతో పైకి లేపే మేస్త్రిలు వచ్చారు కదా. రోడ్డు ఎంత లేస్తే ఇల్లు అంత లేపుకోండి. పదేళ్ళలో అలిపిరి ఎత్తుకి చేరిపోతారు, మెట్లెక్కే శ్రమ తగ్గుతుంది.

లెవెల్ మిషన్
అమ్మా, రోడ్డు వద్దనకండి, లెవెల్ పెంచొద్దనండి. రెండూ వేరు.

నేను రోడ్ల పనిలోనే రిటైరైనవాణ్ణి. 15 సెంటీమీటర్లు అనేది మందం. ఆ మందం పాత రోడ్డు నెత్తిన కూర్చోవాలని ఎక్కడా లేదు. పాత పొరలు తవ్వి తీసేసి, కింద నేలను రోలర్‌తో తొక్కించి, పాత లెవెల్‌కే కాంక్రీటు పోయొచ్చు. కాంట్రాక్టర్లు అలా ఎందుకు చేయరంటే తవ్వకానికీ, ఆ మట్టీ రాళ్ళూ ట్రాక్టర్లో ఎత్తి పారబోయడానికీ ఎస్టిమేట్‌లో డబ్బు రాసి ఉండదు. రాయని పనికి తన జేబులోంచి ఎవడు పెడతాడు? కాబట్టి పని మొదలయ్యాక గేటు దగ్గర నిలబడి అరిస్తే లాభం లేదు. ఎస్టిమేట్ దశలోనే పట్టుకోవాలి.

మీ వార్డు సచివాలయానికి పోయి, రోడ్లూ కాలవలూ చూసే ఎమినిటీస్ సెక్రటరీని ఎస్టిమేట్ చూపించమని అడగండి. అందులో మూడు విషయాలు చూడండి. పాత రోడ్డు తవ్వే పని ఉందా? రోడ్డు పైభాగం ఏ లెవెల్‌కి రావాలో అంకె రాశారా? కాలవ పని రోడ్డుకంటే ముందా, తరవాతా? చూపించకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే ఆ 30 రోజుల్లో రోడ్డే పడిపోతుందేమో, అది కూడా చూసుకోండి.

ఇంకోటి. రోడ్డు మధ్యలో కొంచెం ఎత్తు, రెండు పక్కలకీ వాలు ఉండాలి. దాన్ని క్యాంబర్ అంటాం. నూటికి రెండు చొప్పున అనుకుంటే మీ 20 అడుగుల రోడ్డుకి నడిమికీ అంచుకీ 6 సెంటీమీటర్ల తేడా రావాలి. చాలా కాలనీల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. అంచులు ఎత్తు, నడుమ పళ్ళెం.

మూడోమెట్టు
చాలా థాంక్స్ సార్. రేపే పోతాను. ఒక సందేహం. అన్ని ఇళ్ళ లెవెల్ కొలవాలంటే ఆ మిషన్ మా దగ్గర ఎక్కడుంటుంది?

లెవెల్ మిషన్
మిషన్ ఎందుకు? ఏ మేస్త్రినడిగినా నీళ్ళ ట్యూబు ఇస్తాడు. సన్నటి తెల్ల పైపు, అందులో నీళ్ళు. గాలి బుడగ లేకుండా చూసుకోండి. ఒక కొస మీ గడప దగ్గర, ఇంకో కొస పక్కింటి గోడ దగ్గర పట్టుకుంటే రెండు పక్కలా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడ పెన్సిలుతో గీత. అలా గీత మీద గీత కొట్టుకుంటూ పోతే సాయంత్రానికి 38 ఇళ్ళూ అయిపోతాయి. ఏ గడప అన్నిటికంటే కింద ఉందో తెలిసిపోతుంది. కొత్త రోడ్డు ఆ గడపకంటే కిందే ఉండాలి.

స్టాండులో ఆటో
రోడ్డు వేసేటప్పుడే స్పీడ్ బ్రేకర్ గురించి కూడా చెప్పండమ్మా. రోడ్డు పడిన వారానికే వీధిలో పెద్దమనుషులు మిగిలిన సిమెంటుతో అడ్డంగా ఒక గట్టు కట్టేస్తారు, పొలం గట్టు మాదిరి. బైరాగిపట్టెడ నుంచి ఆసుపత్రికి నిండు చూలాలిని తీసుకుపోయేటప్పుడు నా ప్రాణం నా దగ్గర ఉండదు.

లెవెల్ మిషన్
దానికీ లెక్క ఉంది నాయనా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పేది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రంగా. మనవాళ్ళు కట్టేది ఒక అడుగు వెడల్పు, అర అడుగు ఎత్తు.

కొర్లగుంట కోడలు
నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి 22 ఏళ్ళయింది. వచ్చిన కొత్తలో మా అత్తను అడిగాను, "గుంట అంటారు కదా, గుంట ఏదత్తమ్మా?" అని. ఆమె నవ్వి కాలితో నేలను తట్టింది.

ఒకసారి మన పేర్లు చదవండి. కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, మంచినీళ్ళగుంట, కొరమేనుగుంట, తుమ్మలగుంట. చేప పేరుతో ఊరుందంటే అక్కడ ఒకప్పుడు నీళ్ళు ఎంత నిలిచేవో ఆలోచించండి. ఏటా మే నెలలో గంగమ్మ జాతరకి తాతయ్యగుంటకి పోతాం, చాటింపు నుంచి విశ్వరూపం దాకా అన్నీ చూసి వస్తాం. ఎవరికైనా గుంట గుర్తొస్తుందా? పేర్లు పెట్టినవాళ్ళు నీళ్ళు ఎక్కడ ఆగుతాయో చెప్పే పోయారు. మనం ఆ పేర్లను బస్సు స్టాపులకి పెట్టుకున్నాం.

మూడోమెట్టు గారూ, మీ వీధి కాలవ చివరికి ఎక్కడ కలుస్తుందో చూశారా? రోడ్డు ఎంత బాగా వేసినా కాలవకి కొస లేకపోతే ఏం లాభం?

మూడోమెట్టు
మీరడిగాక పోయి చూశాను అక్కా. సిగ్గుగా ఉంది, 27 ఏళ్ళుగా ఇక్కడే ఉంటూ ఎప్పుడూ చూడలేదు. మా కాలవ వీధి చివర ఒక ఖాళీ ప్లాటు దగ్గర ఆగిపోయింది. అంతే. ఆ ప్లాటులో జమ్ము పెరిగి, పందులు. ప్లాటు ఓనర్ బెంగళూరులో ఉంటాడట.

గేటవతల
ఇది ఒక్క మీ వీధి కథ కాదు. తిరుపతి పటం చేతిలోకి తీసుకోండి. ఉత్తరాన కొండ, దక్షిణాన స్వర్ణముఖి. మధ్యలో మనం. శేషాచలం మీద పడిన వాన కపిలతీర్థం నుంచీ, మాల్వాడి గుండం నుంచీ కిందికి దూకి, ఊరు దాటి ఏటికి చేరాలి. ఆ దారికి అడ్డంగా రేణిగుంట నుంచి పాకాల వైపు రైలు కట్ట పడుకుని ఉంది. కట్ట కింద తూములూ అండర్ బ్రిడ్జిలే నీళ్ళకి దిక్కు. మనుషులు పోవాల్సిన అండర్ బ్రిడ్జిలో నీళ్ళు పోతాయి, నీళ్ళు పోవాల్సిన తూములో మన చెత్త ఉంటుంది.

2021 నవంబరు ఎవరూ మరిచిపోలేదు కదా. కపిలతీర్థం మెట్ల మీంచి బురద నీళ్ళు దూకుతున్న వీడియోలు దేశమంతా చూసింది. రాయలచెరువు కట్టకి గండి పడుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. మేము రైలు గేటవతల మూడు రోజులు మేడ మీదే వండుకున్నాం.

జీవకోన జీవి
అదే నెలలో శ్రీకృష్ణా నగర్‌లో సంపు భూమిలోంచి పైకి లేచింది. ఒకామె లోపల దిగి కడుగుతుంటే రింగులన్నీ కలిసి గోపురం మాదిరి లేచి నిలబడ్డాయి. పాపం ఆమె క్షేమంగా బయటపడింది. జనం కొబ్బరికాయలు కొట్టకపోవడం ఒకటే తక్కువ.

లెవెల్ మిషన్
మహిమ ఏమీ లేదు. ఖాళీ బిందెను నీళ్ళలోకి అదిమి చెయ్యి వదిలితే ఏమవుతుంది? వారాల తరబడి వానలు పడి చుట్టూ నేల నీళ్ళతో నిండి ఉంది. సంపులో నీళ్ళున్నంతసేపూ ఆ బరువు దాన్ని పట్టి ఉంచింది. కడగడానికి ఖాళీ చేయగానే కింది నీళ్ళు పైకి తోశాయి. ముసురు పట్టినప్పుడు రింగు సంపు ఖాళీ చేయకండి, ఎండలు వచ్చాక కడుక్కోవచ్చు.

ట్యాంకర్ బాధితుడు
ఇక్కడ అందరూ నవంబరు గురించే మాట్లాడుతున్నారు. నాకు మే నెల గురించి చెప్పండి. మా అపార్ట్‌మెంట్ బోరు ఏప్రిల్ దాటితే గాలి కొడుతుంది. కల్యాణి డ్యాం ఎండితే తెలుగుగంగ నీళ్ళ కోసం చూడాలి, అవి రాని రోజు ట్యాంకర్. ఒక నెలలో ముంచే నీళ్ళు ఇంకో నెలలో తాగడానికి లేవు. ఇంకుడు గుంతలు తవ్వుకుంటే రెండూ తీరిపోతాయి కదా? నీళ్ళనీ నేలనీ చెట్లనీ కాపాడాలనే వాల్టా చట్టం వచ్చిందే 2002లో. అప్పటి నుంచీ ప్లాను పాస్ చేయించేటప్పుడు కాగితం మీద ఇంకుడు గుంత గీస్తూనే ఉన్నాం.

గేటవతల
అన్నా, నేల నీళ్ళు పైకి తోసి సంపులే లేచిన ఊళ్ళో ఇంకా నీళ్ళు ఇంకించమంటారా?

లెవెల్ మిషన్
ఇద్దరూ కరెక్టే, అందుకే లెక్క చూద్దాం.

మన తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. 30 అంకణాల మిద్దె అంటే 1080 చదరపు అడుగులు, సుమారు 100 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే 50 మిల్లీమీటర్ల వానకి ఆ ఒక్క మిద్దె మీద 5000 లీటర్లు. పెద్ద ట్యాంకరు నీళ్ళు, రూపాయి ఖర్చు లేకుండా.

ఇప్పుడు గుంత. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు. 2000 లీటర్లు పడుతుందని అనుకుంటాం. కానీ అందులో కంకర నింపుతాం, సందుల్లో మిగిలే చోటు నూటికి 40 దాకా ఉంటుంది. అంటే ఒక్కసారికి పట్టేది 800 లీటర్లు. మిగిలింది ఇంకే వేగాన్ని బట్టి. జూన్, జులైలో అప్పుడొకటి ఇప్పుడొకటి పడే చిన్న వానలకి గుంత రాజు. నవంబరు ముసురుకి అది మొదటి అరగంటలోనే నిండిపోతుంది. ఆ తరవాత కాలవే దిక్కు. గుంత దాహానికి, కాలవ వరదకి. ఒకటి కట్టాం కదా అని రెండోది మానేయకూడదు. గుంత నిండాక నీళ్ళు పొర్లి కాలవలోకి పోయేలా పైన ఒక పైపు పెట్టాలి. చాలామంది ఆ పైపే మరిచిపోతారు, ఆ నీళ్ళు పునాదిలోకి పోతాయి.

అడుగున చేతికి పట్టే రాళ్ళు, పైన 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, అన్నిటికీ పైన దొడ్డు ఇసుక. పునాదికి కనీసం మూడు మీటర్ల దూరం. మొదటి వాన నీళ్ళు మిద్దె మీది దుమ్ము, పావురాల రెట్టలతో వస్తాయి, వాటిని బయటికి వదిలేయండి.

ట్యాంకర్ బాధితుడు
800 లీటర్లేనా! నా పక్కింటాయన ఇంకుడు గుంత తవ్వించి ఏడాదంతా ఆ ముచ్చటే చెప్పాడు.

పప్పుచారు
ముచ్చట్లు మాత్రం ఇంకకుండా నిలిచాయన్నమాట.

జీవకోన జీవి
నేనొక తప్పు ఒప్పుకోవాలి. మా మిద్దె మీది వాన పైపు నేరుగా అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో కలిపి ఉంది. మేస్త్రి "ఇదే సులువు సామీ" అన్నాడు, నేను సరేనన్నాను. వాన పడితే మా వీధి మ్యాన్‌హోల్ మూత ఎగిరి మురుగు పొర్లేది. ఇన్నాళ్ళూ అధికారుల్ని తిట్టాను. పోయిన నెల ప్లంబర్ వచ్చి చెప్పాడు, వీధిలో 11 ఇళ్ళు నాలాగే కలిపాయట. మరుగుదొడ్డి నీళ్ళ కోసం వేసిన సన్నటి పైపులోకి అన్ని మిద్దెల వాన తోస్తే అది ఏం చేస్తుంది, కక్కుతుంది. నాది విడగొట్టించాను. మిగతా పదిమందితో మాట్లాడుతున్నాను, ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు.

నర్సరీ అక్క
రోడ్డు కాంక్రీటు చేసేటప్పుడు చెట్ల మొదళ్ళకి మెడ దాకా సిమెంటు పోస్తారు, అది మాత్రం ఒప్పుకోవద్దు. చుట్టూ మీటరు వదలమనండి. కొత్తవి నాటాలంటే కానుగ, వేప, పొగడ. కానుగ నీడ ఎండాకాలం ఇంటి ముందు ఏసీ మాదిరి. కోనోకార్పస్ మాత్రం వద్దు, తొందరగా పెరుగుతుందని నాటి, వేళ్ళు పైపుల్లోకి పోయాక నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్ళు ఉన్నారు.

మొన్న ఒకాయన వచ్చి వీధి పొడుగునా ఎర్రచందనం నాటుదామా అన్నాడు. మన కొండల చెట్టే కదా, ఎందుకు నాటకూడదు అని. నాటొచ్చు సామీ, పెరిగాక రాత్రిపూట కాపలా ఎవరు పడుకుంటారో ముందు తేల్చుకోండి అన్నాను.

సూర్యనమస్కారం
వీధి దీపాలకి సోలార్ కూడా అడగండి. ఇంటి మీద పెట్టుకుంటే పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మన ఎండకి కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్ల దాకా వస్తుంది.

నిర్వాహకుడు
సోలార్‌కి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ నీళ్ళూ రోడ్డూ.

మూడోమెట్టు
ఎస్టిమేట్ చూశాను. లెవెల్ మిషన్ సార్ చెప్పినట్టే తవ్వకం అనే మాటే లేదు. కాలవ పని "అవసరమైన చోట" అని రాశారు. అవసరం ఎవరు తేలుస్తారో రాయలేదు.

నిన్న ఆదివారం నీళ్ళ ట్యూబుతో కొలిచాం. నేను, టెన్త్ చదివే ఎదురింటి అబ్బాయి, మేస్త్రి. మొదట్లో అందరూ గేట్ల దగ్గర నిలబడి వింతగా చూశారు, పదో ఇంటికి వచ్చేసరికి కాఫీలు వచ్చాయి. మాదే అన్నిటికంటే కింద అనుకున్నాను. కాదు. 26వ నంబరు పెద్దావిడ గడప మాకంటే 9 సెంటీమీటర్లు కింద ఉంది. ఆమె ఒక్కతే ఉంటుంది. వాన పడిన ప్రతిసారీ గోనెపట్టలు అడ్డం పెట్టుకుని రాత్రంతా కూర్చుంటుందట. పన్నెండు గడపల అవతల ఇలా ఉందని నాకు తెలియదు.

కాలవ మీద కాపురం
అంతా బాగుంది కానీ ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. మీ గేటు ముందు కాలవ మీద ర్యాంపు ఎంత పొడవుంది మేడమ్? నేనూ మీ పక్క వీధే. మీ నాన్నగారు కారు కొన్నప్పుడు కట్టించిన ర్యాంపు నాకు తెలుసు. కాలవ మీద 14 అడుగులు స్లాబు పోసి, పైన టైల్స్ వేసి, తులసికోట కూడా పెట్టారు. కింద పూడిక ఎవరు తీయగలరు?

మూడోమెట్టు
నిజమే. నేను రాయాల్సింది, రాయలేదు.

కొర్లగుంట కోడలు
ఒక్కరినే అనకండి. 38 ఇళ్ళకీ ర్యాంపు ఉంటుంది. మా వీధిలో పారిశుద్ధ్య కార్మికులు వెదురు కర్ర కట్టి స్లాబు కిందికి దూర్చి లాగుతుంటారు. వచ్చేవన్నీ పాల ప్యాకెట్లు, ప్రసాదం ప్లేట్లు, పూల దండలు. తడి చెత్త, పొడి చెత్త అని బండి పాట పెట్టుకుని వస్తుంది, తూకివాకంలో దాన్ని పనికొచ్చేలా చేసే ప్లాంట్లున్నాయి. బండి దాకా నాలుగడుగులు వేయలేక కాలవలో వేసేది మనమే.

లెవెల్ మిషన్
ర్యాంపు పూర్తిగా తీసేయనక్కరలేదు. కాలవ మీద ఒకే స్లాబుగా పోయకుండా రెండడుగుల ముక్కలుగా వేయించుకోండి, ఎత్తడానికి రెండు కొక్కేలు. ఇద్దరు మనుషులు గునపం వేసి లేపేలా ఉండాలి. వాన నీళ్ళు కాలవలోకి దిగే చోట ఇనుప జాలీ. ర్యాంపు వాలు గేటు లోపల పెట్టుకోవాలి, రోడ్డు మీదికి కాదు.

మూడోమెట్టు
మూడు వారాల తరవాత రాస్తున్నాను.

మా ర్యాంపు నిన్న పగలగొట్టించాను. అమ్మ తులసికోట పక్కన నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు, మధ్యాహ్నం భోజనం కూడా సరిగా చేయలేదు. స్లాబు కింద ఏముందో తెలుసా? నా చిన్నప్పటి స్కూలు వాటర్ బాటిల్ మూత. దాని మీద అడుగున్నర గట్టి పూడిక.

అది చూశాక ఇంకో తొమ్మిది ఇళ్ళవాళ్ళు ముందుకొచ్చారు. 21 మంది సంతకాలతో, లెవెల్ పట్టికతో సోమవారం అర్జీ పెట్టాం. మొత్తం వీధి తవ్వడానికి డబ్బు లేదన్నారు. గంటసేపు వాదించాం. చివరికి 18వ నంబరు ఇంటి నుంచి 38 దాకా తవ్వి పాత లెవెల్‌కి వేస్తారు, మిగతా సగంలో పై తారు పొర మాత్రం గీకి తీస్తారు. మా ఇల్లు 14. అంటే మాకు రోడ్డు కొంచెం ఎత్తే ఉంటుంది. 26 పెద్దావిడకి మాత్రం రోడ్డు గడపకంటే కిందికి వస్తుంది.

కాలవ కొస గురించి. బెంగళూరు ఓనర్‌తో ఫోన్లో మాట్లాడాం. కాలవ పొడిగించడానికి ప్లాటు అంచున మూడడుగులు ఇవ్వనన్నాడు. ఇంకుడు గుంతలు తవ్వుకోండి, ఇల్లు కట్టేదాకా నాకు అభ్యంతరం లేదన్నాడు. మూడు గుంతలు తవ్వుతున్నాం. కాలవకి కొస ఇంకా లేదు.

గేటవతల
కొస లేకపోతే నవంబరులో మళ్ళీ మీ వీధి చెరువే. దాన్ని వదలకండి.

స్టాండులో ఆటో
కంకర నా ఆటోలో వేసుకుపోండి అమ్మా, బాడుగ వద్దు. స్పీడ్ బ్రేకర్ సంగతి మాత్రం మరిచిపోకండి.

మూడోమెట్టు
నిన్న రాత్రి మొదటి గట్టి వాన. టార్చి పట్టుకుని ఆరుగురం ప్లాటు దగ్గర నిలబడ్డాం. మొదటి గుంత, రెండో గుంత నిండి, పైపు గుండా పొర్లి, పొద్దునకి ఇంకిపోయాయి. మూడోది ఇప్పటికీ నిండే ఉంది, దోమలు వాలుతున్నాయి. మూడో గుంత కాలవకి దగ్గరగా ఉంది. తప్పు ఎక్కడ చేశాం సార్?

లెవెల్ మిషన్
కాలవ బురద అందులోకి దిగి ఉంటుంది. పై ఇసుక జానెడు తీసి, తట్టల్లో కడిగి, ఆరాక మళ్ళీ వేయండి. కాలవ వైపు మూడు ఇటుకల గట్టు కట్టండి. దోమలకి ఈ రోజే మూత వేయండి.

మూడోమెట్టు
కడుగుతున్నాం. జల్లెడ 26వ నంబరు పెద్దావిడ ఇచ్చింది.